అక్క చెవిలో పిన్ను

నా కూతురి చెవిలో గుబిలి గట్టిపడితే డాక్టరు చుక్కల మందు రాశాడు. పుల్లలు, పిన్నులు పెట్టొద్దన్నాడు. ఈరోజు దాన్ని ఒళ్లో పడుకోబెట్టుకుని చుక్కలు వేస్తుంటే కోయిలకుంట్లలో మా అక్క ఒడి గుర్తొచ్చింది. మీకూ గుర్తుందా, ఆ గోరువెచ్చని కొబ్బరినూనె, చెవిలో దూది?

"కదలగాకు పాపా, నొప్పి ల్యాకుండా వస్తాది," అనేది అక్క.

ఒకరోజు నేనూ అక్కకు గుబిలి తీస్తానని జడపిన్ను లోపలికి తోశాను. రక్తం వచ్చింది. అమ్మ పరుగెత్తుకొస్తే, "నేనే పొడ్సుకుంటి మా," అంది అక్క. దెబ్బలూ తనే తింది. ఆ చెవి మళ్లీ వినపడలేదు.

పోయినేడు జబ్బుచేసి అక్క పోయింది.

"శానా మంచి బిడ్డ. ఆ పిన్ను కాడొక్కటే నా మాట వినల్యా," అని అమ్మ ఇప్పటికీ ఏడుస్తుంది. పొడిచింది నేనని ఇంకా చెప్పలేకపోయాను.