తనిఖీ గడిలో రామ్మూర్తి గారి పేరు

2005 జూలైలో నన్ను విశాఖపట్నం శాఖ నుంచి కలకత్తాకు బదిలీ చేశారు. మాది క్రేన్లు తయారుచేసే కంపెనీ. డిజైన్ ఆఫీసు భవానీపూర్‌లో, వర్క్‌షాపు హౌరాలో ఉండేవి. నా హోదా సీనియర్ సిస్టమ్స్ ఇంజనీరు. డ్రాయింగులన్నీ కంప్యూటర్లో ఒకేచోట భద్రపరిచే సాఫ్ట్‌వేర్ కొత్తగా కొన్నారు. దాన్ని ఆఫీసు పద్ధతికి తగ్గట్టు అమర్చడం నా పని.

పద్ధతి అంటే గోడకు అంటించిన ఒక పటం. అందులో కొన్ని గడులు, వాటిని కలిపే బాణాలు. డ్రాఫ్ట్స్‌మన్ గీసిన డ్రాయింగు తనిఖీకి వెళ్లాలి, అక్కణ్ణుంచి ఆమోదానికి, ఆ తర్వాతే వర్క్‌షాపుకు విడుదల. సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో గడి ఒక్కో దశ అవుతుంది. డ్రాయింగును ఒక దశ నుంచి మరో దశకు జరిపే హక్కు ఎవరిదో ప్రతి బాణానికీ విడిగా చెప్పాలి. కాగితం మీదైతే సెలవులో ఉన్నవారి బదులు పక్కవారు సంతకం పెట్టేసేవారు. సాఫ్ట్‌వేర్‌లో ఆ సర్దుబాటు కుదరదు. హక్కు లేనివారికి బటనే కనిపించదు.

పటంలో మిగతా గడులన్నింటిలో హోదాలున్నాయి. తనిఖీ గడిలో మాత్రం మనిషి పేరుంది, గొర్లె రామ్మూర్తి అని. ఆయన చీఫ్ చెకర్. తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి కలకత్తా రేవులో పనికి వచ్చారు. ఈయన రేవు దగ్గరి ఏక్‌బాల్‌పూర్‌లోనే పుట్టి పెరిగి, డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరి ఆ కుర్చీదాకా వచ్చారు. ఆఫీసులో అందరూ బెంగాలీ అలవాటు ప్రకారం అన్న అనే అర్థంలో ‘దా’ చేర్చి, రామ్మూర్తిదా అని పిలిచేవారు. తెలుగు మాట్లాడుకోవచ్చని మధ్యాహ్నం టీ నా బల్ల దగ్గరికి తెచ్చుకుని తాగేవారు.

పేరు తీసేసి ‘చెకర్’ అన్న హోదా పెడతానని, అందులో ఆయనతోపాటు ఆయన సహాయకుడు దేబాశీష్‌నీ చేరుస్తానని ఒకరోజు చెప్పాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టారు.

“పేరుంటే మీకేటమ్మా నష్టం?”

మీరు సెలవు పెడితే పని ఆగిపోతుందన్నాను.

“నాను సెలవెట్టింది ఎప్పుడు?” అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, తన కిడ్నీలు పాడయ్యాయని, ఆఫీసులో ఎవరికీ తెలియదని చెప్పారు. “తెలిస్తే వీఆర్ఎస్ కాయితం సేతిలో ఎడతారు. ఇంట్లో కూకుంటే నాను బతకనమ్మా. ఆ గడిలో నా పేరున్నన్నాళ్లూ నన్ను కదపలేరు.”

వీఆర్ఎస్ అంటే స్వచ్ఛంద పదవీ విరమణ. పేరుకే స్వచ్ఛందం. ఆ ఏడాది చాలామంది అలాగే వెళ్లారు కాబట్టి ఆయన భయం ఉత్తది కాదు.

జబ్బు సంగతి ఎత్తకుండా, రెండు పద్ధతులూ చీఫ్ డిజైనర్ ముఖర్జీ గారి ముందు పెట్టాను. రామ్మూర్తిదాకి ఇంకా రెండేళ్ల సర్వీసుంది, ఆయన రిటైరైనప్పుడు చూద్దాం, పేరే ఉండనివ్వమని ఆయన అన్నారు. అలాగే అమర్చాను. మొదటి డ్రాయింగును ముందుకు జరిపిన రోజు తెర మీద వచ్చిన తన పేరును రామ్మూర్తి గారు వేలితో చూపించి, “సూడండమ్మా, ఎంత బాగా రాసిందో” అన్నారు.

జనవరిలో ఆయన ఆఫీసు మెట్ల మీద పడిపోయారు. అటునుంచి అటే ఆస్పత్రికి తీసుకువెళ్లాం. తనిఖీ దశలో డ్రాయింగులు పేరుకుపోసాగాయి. అవి రేవు కోసం చేస్తున్న క్రేన్ దూలాలవి. దేబాశీష్ అన్నీ సరిచూశాడు గానీ ముందుకు జరపలేడు. హౌరా నుంచి ఫోన్లు మొదలయ్యాయి. అక్కడ కాంట్రాక్టు మనుషులు ఖాళీగా కూర్చున్నారు. పని లేని రోజు వాళ్లకు కూలి లేదు. పేరు తీసి హోదా పెట్టేయమని ముఖర్జీ గారు చెప్పారు. రామ్మూర్తి గారికి తెలియకుండా ఆ పని చేయడం ఇష్టం లేక, ఒక పూట గడువడిగి ఆస్పత్రికి వెళ్లాను.

మంచం పక్కన ఆయన భార్య నీలమ్మ గారున్నారు. నన్ను చూడగానే ఆయన, “డ్రాయింగులు తెచ్చారా?” అని అడిగారు. వచ్చిన పని ఉన్నదున్నట్టు చెప్పాను.

“రెండ్రోజులాగండి. లేస్తాను.”

నీలమ్మ గారు ఆయనకు కనబడకుండా తల అడ్డంగా ఊపారు.

“హౌరాలో మనుషులు పనిలేక కూర్చున్నారండీ” అన్నాను.

“నా పేరు తీసి ఎవుల పేరెడతారు?”

“ఎవరిదీ కాదండీ. హోదా ఒక్కటే.”

“అంటే మనిషెవులైనా పరవాలేదన్నమాట.”

సాఫ్ట్‌వేర్ అమర్చే దృష్టితో చూస్తే ఆ మాట నిజమే.

“అలగే కానీండి” అని ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు.

నీలమ్మ గారు నాతో వరండాదాకా వచ్చారు. “పొద్దు పొద్దున్నే ఆ ఆఫీసు మాట సెప్పి ఆయన్ని లేపి కూకోబెడతన్నానమ్మా. రేపేటి సెప్పాలో” అన్నారు.

ఆ మధ్యాహ్నమే మార్పు చేశాను. సాయంత్రానికల్లా డ్రాయింగులు హౌరా చేరాయి. రామ్మూర్తి గారు ఇంటికి రాలేదు. నెల తిరక్కముందే పోయారు.

ఉద్యోగి వెళ్లిపోతే అతని పేరును సాఫ్ట్‌వేర్‌లోంచి తొలగించడం కూడా నా విధుల్లో ఒకటి. తొలగించబోతే సాఫ్ట్‌వేర్ ఒప్పుకోలేదు. విడుదలైన డ్రాయింగుల చరిత్రలో ఆ పేరుంది కాబట్టి నిష్క్రియం చేయడం ఒక్కటే వీలవుతుంది. చేశాను. వాడుకదారుల వరసలో ఆయన పేరు బూడిదరంగులోకి మారింది.

గడిలో హోదాయే ఉండాలి, పేరుండకూడదు. ఈ నియమం నాకు ముందే తెలుసు. ఆ మార్పు ఎప్పుడు చేయాలన్నది కలకత్తాలో తెలిసింది. మనిషి ఆరోగ్యంగా తన కుర్చీలో కూర్చుని, మన మాటకు ఎదురు చెప్పగలిగినప్పుడే చేయాలి. తర్వాత పనిచేసిన చోట్లన్నింటా మొదటి వారంలోనే పేర్లు తీయించాను. కొందరు వచ్చి గట్టిగా వాదించారు. వాళ్లు చాలించేదాకా కూర్చుని విన్నాను.