చాలు చేసి, ఆపి

హుమ్నాబాద్ దారిలోని మా కార్ఖానాలో తయారైన ప్రతి యంత్రానికీ వాడకం పుస్తకం రాసింది నేనే. సరే, ప్రతిదానికీ కాదు, మూడింటికి. అందులో ఒకటి పాతదాన్ని చూసి దించినది. అయినా అవి మోటార్లు విప్పి బిగించిన చేతితో రాసినవి.

ఈ ఏడాది కొత్త మేనేజరు, పట్టా లేనివాళ్లు రాయకూడదంటూ నా పనిని కోస్తా నుంచి వచ్చిన ఇంజనీరు అమ్మాయికి అప్పగించాడు. నీళ్ల ఫిల్టరు పుస్తకంలో నేను మునుపు “పంపు చాలు చేసి వాల్వు తిప్పండి” అని రాస్తే, ఆమె “పంపు ఆపి” అని దిద్దింది. మా వైపు చాలు చేయడమంటే నడిపించడం. ఆమె దాన్ని ‘ఇక చాలు, ఆపు’ అనుకుందన్నమాట.

నాకు ఒళ్లు మండింది. మేనేజరు ముందు సాక్ష్యం చెప్పించి నా పని నేను తెచ్చుకుందామని, ఆమె దిద్దిన ఆ కాగితంతో, కమఠాణలో ఫిల్టర్లు బిగించే, నాకు అల్లుడి వరసయ్యే మేస్త్రీ దగ్గరికి పోయాను.

“చూడు అల్లుడా, పెద్ద చదువుల తెలివి.”

అతను చదివి కాగితం నా చేతిలోనే పెట్టాడు.

“చాలు అంటే ఆమెకు ఎర్కనే మామా. పంపు నడుస్తుంటే వాల్ తిప్పొచ్చునా అని మొన్న నన్నే అడిగి పోయింది. తిప్పితే లోపలి రబ్బరు ఖరాబైతది. నువ్వే ఉల్టా రాసినవ్.”