ఎర్రతాడు నాది

నా చిన్నప్పుడు శ్రీరామనవమి పందిట్లో జరిగిన ఒక సంగతిని మా వీధి ఇప్పటికీ తప్పుగానే చెప్పుకుంటోంది. ఆ తప్పు ఇన్నాళ్ళు నిలబడింది నేను నోరు మూసుకోవడం వల్ల. కాబట్టి దిద్దవలసింది నేనే. ఇది చదివి మా వాళ్ళలో కొందరికి కోపం వస్తుంది. రానీ.

మాది ఒంటిమిట్టకు పోయే దారిలో ఒక చేనేత ఊరు. మా నాయనకు నాయన, అంటే మా జేజినాయన, పగలు మగ్గం మీద చీరలు నేసేవాడు, సాయంత్రాలు వీధిలో కోలాటం నేర్పేవాడు. ఆయనకు పేరు తెచ్చింది జడకోలాటం. పందిరి నడిమి దూలానికి ఎనిమిది రంగుల తాళ్ళు కడతారు. ఎనిమిది మంది తలా ఒక తాడు పట్టుకొని, నలుగురు ఇటు, నలుగురు అటు, గుండ్రంగా ఆడతారు. ఎదురొచ్చిన మనిషిని ఒకసారి లోపలి నుంచి, తర్వాతి మనిషిని బయటి నుంచి దాటుకుంటూ పోతే పైన తాళ్ళన్నీ ఆడపిల్ల జడలాగా అల్లుకుంటాయి. అల్లడం సగం పనే. తర్వాత వచ్చిన దారినే వెనక్కి ఆడుతూ ఆ జడను విప్పాలి. ఎనిమిది తాళ్ళూ విడివిడిగా వేలాడితేనే ఆట అయినట్టు. విడకపోతే ఆ ఏడు ఊరికి మంచిది కాదని పెద్దల నమ్మకం.

మా ఇంట్లో ఒక అక్క కండెలు చుట్టేది. మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే నూలు చుట్టల్ని కండెలంటారు. ఆమెది చర్చి వీధి, ఇరవై ఏళ్ళుంటాయేమో. మేమంతా కండెలక్క అనే పిలిచేవాళ్ళం. ఒక పక్క మగ్గం ఆడుతుంటే ఆ చప్పుడే తాళంగా పాడుకుంటూ రాట్నం తిప్పేది. ఆ వీధి పాటలూ మా వీధి పాటలూ ఆమెకు ఒకే లెక్క. జేజినాయన చాలా రోజులు విని, చివరికి ఆమెను కోలాటంలోకి పిలిచాడు. ఆమె ముందు పాడుతూ ఆడుతుంది, మిగతావాళ్ళం అందుకుంటాం. అంతకుముందు మా కోలాటానికి అడుగులుండేవి, పాట అంతంతమాత్రం. ఆమె వచ్చాక పక్క ఊళ్ళ పెళ్ళిళ్ళకు కూడా పిలుపులు మొదలయ్యాయి.

వీధిపెద్దకు అది నచ్చలేదు. ఒక సాయంత్రం అందరి ముందే అన్నాడు, "ఏమప్పా, ఆదివారం చర్చిలో పాడే నోరు, నవమికి రాముని పాట పాడుతాదా?"

జేజినాయన తాళాలు ఆపకుండానే, "నోరు ఒకటే గదప్పా. నువ్వు ఆ నోటితోనే భజన చేస్తాండావు, ఆ నోటితోనే పెండ్లాన్ని తిడతాండావు" అన్నాడు.

ఆడవాళ్ళు పడీపడీ నవ్వారు. వీధిపెద్ద నవ్వలేదు. కండెలక్క తర్వాతి చరణం ఇంకాస్త గొంతెత్తి పాడింది.

ఆ ఏడు నవమినాడు, ఎండ చల్లబడిన వేళ ఆట మొదలైంది. నాకు పదేళ్ళు, ఎనిమిది మందిలో నేనే చిన్న. నాది ఎర్రతాడు. జడ సగం దిగేవరకూ అంతా బాగానే సాగింది. అప్పుడు పందిరి అవతల గోడమీద మా బడి పిల్లలు కూర్చొని కనిపించారు. వాళ్ళు నన్ను చూస్తున్నారా లేదా అని ఒక్కసారి అటు చూశాను. ఆ చూపులో నా వరస తప్పింది. లోపలికి పోవలసినవాణ్ణి బయటికి పోయాను. ఎదురుగా వస్తున్నది కండెలక్క. ఇద్దరం గుద్దుకోవలసినదే. ఆమె రెప్పపాటులో దారి మార్చుకొని లోపలి నుంచి దాటిపోయింది. పాట తెగలేదు. నేను మళ్ళీ వరసలో పడ్డాను. చూస్తున్నవాళ్ళకు కనబడింది ఒక్కటే, కండెలక్క దారి మార్చడం.

విప్పేటప్పుడు జడ కొన్ని చుట్లు వచ్చి బిగుసుకుపోయింది. ఎంత లాగినా రాలేదు. మద్దెల ఆగింది. జేజినాయన జడ కిందకు వచ్చి, చీరలో తప్పు పోగు వెతికినట్టు తలెత్తి ఒక్కొక్క తాడే చూసుకుంటూ పోయాడు.

"ఈడ ఒకరు లోపలికి పోవాల్సింది బయటికి పోయినారు. ఏం పరవాలేదు. ఆ తప్పినోళ్ళు ఇప్పుడు గూడా బయటికే పోతే విడిపోతాది. ఇంగో దావ లేదు" అన్నాడు.

ఒక్క అడుగు. అది నేను వేయవలసిన అడుగు. వేస్తే అందరికీ తెలిసిపోతుంది, గోడమీద పిల్లలతో సహా. నేను కదల్లేదు.

వీధిపెద్ద లేచి వచ్చాడు. "తప్పింది ఎవురో వెతకాల్నా? ఆ కండెల పాప దావ మార్చింది నేను చూడ్లేదా."

"దావ మార్చింది నిజమే మామా. తప్పింది నేను కాదు" అంది కండెలక్క.

"తప్పకపోతే ఎందుకు మార్చినావు?"

ఆమె నా వైపు చూసింది. ఎంతసేపు చూసిందో చెప్పలేను. నా పేరు ఒక్కటి చెప్తే చాలు, అక్కడితో ఆమె బయటపడేది. చెప్పలేదు.

వీధిపెద్దకు బలం వచ్చింది. "సరే, రాములవారి ముందర తప్పయిందని ఒక్క మాట అను. మళ్ళా తాడు పట్టుకో. మేమేమీ అనుకోము."

నిజంగా అంతే అడిగారు. ఒక్క మాటంటే ఆమె కోలాటంలో ఉంటుంది, అనకపోతే పోతుంది. పక్కనున్న ఆడవాళ్ళు కూడా అనమ్మా, ఏం పోతుందని బుజ్జగించారు.

"చేయనిదానికి చెప్పను" అంది ఆమె.

"అట్లయితే తాడు ఇడ్సు."

ఆమె తాడు విడవలేదు. జేజినాయన దగ్గరకు నడిచి, ఆయన చేయి తెరిచి అందులో పెట్టింది. "తాతా, నేను తప్పలే" అని మళ్ళీ ఒకసారి చెప్పి, జనం నడుమ నుంచి తల వంచకుండా వెళ్ళిపోయింది. ఆ పాప తప్పలేదని జేజినాయన అందరికీ చెప్పాడు. మరి ఎవరని అడిగితే, చెప్పాల్సినోళ్ళే చెప్తారని ఊరుకున్నాడు. ఆ జవాబుతో వీధి తృప్తి పడలేదు. మగ్గం కత్తెర తెచ్చి జడను కోసేశారు.

మర్నాడు పొద్దున జేజినాయన మగ్గం గుంటలో కూర్చొని నన్ను పిలిచాడు. "నీ తాడు ఏ రంగుదిరా?" అని అడిగాడు. ఎర్రదన్నాను. "ఊఁ" అని మళ్ళీ నేత మొదలుపెట్టాడు. ఇంకేమీ అడగలేదు. అప్పటికి తప్పించుకున్నానని పొంగిపోయాను.

కండెలక్క మళ్ళీ మా ఇంటికి పనికి రాలేదు. జేజినాయన మళ్ళీ మా వీధిలో కోలాటం పట్టలేదు. ఆ డిసెంబరులో ఎనిమిది కొత్త తాళ్ళు పేని, భుజాన వేసుకొని, పట్టపగలు మా వీధి మధ్యలో నుంచే చర్చి వీధికి వెళ్ళాడు. ముసలాయన మతం మారినాడని ఎవరో అంటే, "మతం మారలేప్పా, వీధి మారినా" అన్నాడట. క్రిస్మస్‌కు అక్కడ కండెలక్క పాటతో జడ అల్లి, పూర్తిగా విప్పారు. జేజినాయన బతికి ఉన్నన్నాళ్ళూ ఏటా అక్కడికే పోయాడు. తోడు రమ్మని నన్ను ఒక్కసారి కూడా పిలవలేదు.

మా వీధికి మాత్రం ఒక సామెత మిగిలింది. నూలు చిక్కుపడితే "కండెలక్క జడ అయిపాయ" అంటారు. సంబంధం కుదరకపోయినా అదే మాట, పాసుబుక్కులో పేరు తప్పు పడినా అదే మాట. పెద్దయ్యాక ఒకసారి నేనూ అన్నాను, నలుగురిలో నవ్వుతూ. ఇవన్నీ రాయడం ఒక ఎత్తు, ఆ ఒక్క వాక్యం రాయడం ఒక ఎత్తు.

ఈ మధ్య మా వీధి పిల్లలకు మళ్ళీ జడకోలాటం నేర్పుతున్నారు. పాట ఇప్పుడు సెల్‌ఫోను నుంచి వస్తుంది. మా అమ్మాయి అడుగు తప్పితే, నేర్పే అతను "ఏం పాపా, కండెలక్క జడ చేస్తావా" అన్నాడట. పిల్ల ఇంటికొచ్చి, "నాయనా, ఆ కండెలక్క ఎవరు, ఏం చేసింది?" అని అడిగింది.

ఆ ఆదివారం చర్చి వీధికి వెళ్ళాను. ఆమెకు జుట్టు నెరిసింది, గొంతు నెరవలేదు. ఇంటిముందు అయిదారుగురు ఆడవాళ్ళకు అడుగులు చెబుతోంది. నిలబడే చెప్పాను, ఆ రోజు తప్పింది నేనని.

"ఎదురుగా వచ్చింది నేనే గదా అబ్బోడా. నాకు తెల్దా?"

"మరి ఎందుకు చెప్పలేదక్కా?"

"నువ్వు చెప్తావనుకుంటి" అంది. "తెలిసినదానికి చెప్పి ఏం లాభం? తెలియనోళ్ళు ఆ వీధిలో ఉండారు, పో" అని పాటలో పడిపోయింది. కూర్చోమనలేదు. పరవాలేదనీ అనలేదు. అనవలసిన అవసరం ఆమెకు లేదు.

అదే సాయంత్రం పిల్లలు ఆడుతున్నచోట పాట ఆపించి, అందరి ముందు చెప్పాను. వీధిపెద్ద కొడుకు నవ్వాడు. "పదేండ్ల పిల్లోడు చేసినదానికి ఇప్పుడు పంచాయితీ ఎందుకప్పా? ఏదో సరదాకు అనుకుంటాం."

"తాడు తప్పింది పదేండ్ల పిల్లోడే. ఆ తర్వాత ఇన్నేండ్లు నోరు మూసుకునింది గడ్డాలొచ్చినోడు. సరదా కావాలంటే నా పేరు పెట్టి అనుకోండి" అన్నాను. కొందరు లేచి వెళ్ళిపోయారు. మా అమ్మాయి వెళ్ళలేదు.

ఆ పందిట్లో ఆమె చూసిన చూపుతో నన్ను క్షమించి వదిలేసిందనుకొని బతికాను. ఆమె నా నోటి మాట కోసం చూసిందని తెలిసేసరికి నాకు యాభై దగ్గరపడింది. ఆ నవమి నుంచి నాకు మిగిలిన అలవాటు ఒకటుంది. ఎక్కడైనా నలుగురు చేరి ఒక మనిషిని వేలెత్తి చూపుతుంటే, నేను ఆ మనిషిని చూడను. పక్కన నోరు మెదపకుండా నిలబడ్డవాడి కోసం వెతుకుతాను. వాడు ఎలా నిలబడతాడో నాకు బాగా తెలుసు.