భాకరాపేట ఘాట్‌లో ఎక్కే బండి

భాకరాపేట ఘాట్ చూడటానికి ఏ కాలం మంచిదని మిత్రులు అడుగుతుంటారు. ఒక్క ఏడాదిలోనే మూడుసార్లు వెళ్ళినవాణ్ణి కాబట్టి చెప్పగలను. నన్ను పంపింది నాయన. ఆయన లారీ డ్రైవరు. ఇరవై ఏళ్ళ కిందట ఆ ఘాట్ దిగుతూ, ఎదురుగా ఎక్కుతున్న మోపెడ్‌కు దారి ఇవ్వలేదు. మోపెడ్ మనిషి లోయలో పడి చనిపోయాడు. అప్పటినుంచి నాయన స్టీరింగ్ ముట్టలేదు. ఇప్పుడు కళ్ళు మసకబారుతున్నాయి.

“సూపు పోకముందే ఒకసారి ఆడికి తీసకపో రా. ముందు నువ్వు పోయి దారెట్లుండాదో సూసిరా” అన్నాడు.

మొదటిసారి మే నెలలో. ఉదయం ఐదున్నరకు తిరుపతిలో బయలుదేరి, చంద్రగిరిలో ఇడ్లీ తిని, ఏడింటికల్లా ఘాట్ ఎక్కాను. కత్తిరి ఎండలకు అడవంతా ఎండిపోయి, కొండలు నిలువునా కనబడుతున్నాయి. తిరిగి దిగేటప్పుడు, ఆ ప్రమాదం జరిగిందని నాయన చెప్పిన మలుపు దగ్గర హారన్ కొట్టాను. కిందనుంచి సన్నగా ఇంకో హారన్ వినబడింది. ఆగి చూశాను. ఏ బండీ రాలేదు. కొండకు తగిలి నా హారనే తిరిగొచ్చిందని సరిపెట్టుకున్నాను. నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు, బ్రేకుల మీద ఉంది.

నవంబరు వానల్లో మళ్ళీ వెళ్ళాను. బండల మీదనుంచి నీళ్ళు దూకుతుంటే ఎంత బాగుందో! భాకరాపేటలో టీకొట్టు ఆమెతో ఆ హారన్ సంగతి కదిపాను.

“మాకూ ఇనబడతాది సామీ. ఎవురో ఎక్కతా ఉండారనుకోని బండి ఆపేస్తాం” అంది, టీ వడపోస్తూనే.

నవ్వుకున్నాను. దిగేటప్పుడు అదే మలుపులో అదే హారన్. ఈసారి మొండిగా ఆపకుండా పోనిచ్చాను. టైర్లు జారి, కారు అంచు గోడకు జానెడు దూరంలో ఆగింది. ఇంట్లో ఈ మాట చెప్పలేదు.

జనవరిలో మంచు పడుతుంటే వద్దన్నాను. నాయన వినలేదు. “ఆ పొద్దు గూడా మంచే” అన్నాడు.

ముందు సీట్లో కూర్చుని, ఎక్కినంతసేపూ రోడ్డు వైపే కళ్ళు చికిలించి చూశాడు. ఎనిమిదింపావుకు తిరుగుముఖం పట్టాం. మలుపు ఇంకా రాకముందే “ఆపు” అన్నాడు. పది అడుగుల అవతల ఏమీ కనబడటం లేదు. నేను హారన్ ముట్టలేదు. అయినా కిందనుంచి ఆ సన్నటి మోత వచ్చింది.

నాయన అద్దం దించి, చెయ్యి బయటకు చాపి, డ్రైవర్లు దారి ఇచ్చినట్టు ఊపాడు. “రాప్పా... నువ్వు ముందు పో.”

ఇంజను చప్పుడేమీ లేదు. నాయన చూపు మాత్రం మెల్లగా ముందునుంచి పక్కకు, పక్కనుంచి వెనక్కు తిరిగింది. వెనక అద్దంలోకి చూసే ధైర్యం లేకపోయింది.

“పోయినాడు. ఇంక పద” అన్నాడు, కళ్ళు తుడుచుకుంటూ.

కొండలు చూడాలంటే వేసవి, నీళ్ళు చూడాలంటే కార్తీకం. మంచులో మాత్రం వెళ్ళమని ఎవరికీ చెప్పను. చంద్రగిరి దాటి, ఎండ వచ్చాక నాయనను అడిగాను.

“ఎవరైనా కనబడినారా నాయనా?”

“మసగ్గానే. నా పక్క సూసి, తలకాయ ఊపి పోయినాడు.”