తెర ఇవతల మాబున్నత్త

మా మాబున్నత్తను ఒకచోట కూర్చోబెట్టడం ఎవరి తరమూ కాదు. బనగానపల్లెలో మా పరుపుల కొట్టుకు వచ్చేవాళ్లంతా ఆమెను నిలబడి ఉండగానో నడుస్తుండగానో చూసినవాళ్లే. పరుపు చుట్టూ తిరుగుతూ, వంగి కుట్టేది. జుట్టులో ఎప్పుడూ దూది. ఊరందరికీ మెత్తగా పరుపులు కుట్టిపెట్టి తను మాత్రం కాలుకాలిన పిల్లిలా తిరుగుతుందని మా అమ్మ ఎగతాళి చేసేది. అత్త మా నాన్నకు చెల్లెలు. నాపరాళ్లు కోసేచోట ఏళ్లతరబడి దుమ్ము మింగి భర్త పోయేనాటికి ఆమెకు ఇరవై ఏడేళ్లు. పిల్లల్లేరు. పుట్టింటికి వచ్చి పన్నెండేళ్లు మా మధ్యే ఉంది.

ఏడాదికి ఒక్కరోజు మాత్రం ఆమె కదలకుండా కూర్చునేది. అది బీబీ సహనక్ రోజు. ప్రవక్తగారి బిడ్డ ఫాతిమా బీబీ పేరు మీద ఆడవాళ్లు మాత్రమే తినే భోజనం. లోపలి గదికి తెర కడతారు. మగవాళ్ల చూపు పడకూడదు. వండేటప్పుడు రుచి చూడకూడదు. వడ్డించింది ఆ గది గడప దాటకూడదు, పళ్లెంలో మెతుకు మిగలకూడదు. రుచి చూడకుండా ఉప్పు వేయడం మా ఇంట్లో అత్త ఒక్కదానికే చేతనవును కాబట్టి వంట ఆమెది. కథ చెప్పడమూ ఆమెదే. తిరగలి విసిరి విసిరి ఫాతిమా బీబీ అరచేతులు కాయలు కాసిన సంగతి, బీబీ వాళ్లమ్మ ఖదీజా బీబీ ఒంటెల మీద దూరదేశాలకు సరుకు పంపిన సంగతి చెబుతూ తన వేళ్ల మీది సూదిపోట్లు తడుముకునేది. అప్పుడు ఆమె ముఖం చూస్తే నాకు హాయిగా ఉండేది.

ఇంకో నియమం ఉంది. మారుమనువు చేసుకున్న ఆడది ఆ తెర లోపలికి రాకూడదు. ఇది ఏ కితాబులో ఉందని నేనొకసారి అడిగాను. మా జేజి పీరమ్మ, అంటే మాబున్నత్తను కన్నతల్లి, "మా అత్త నాకు చెప్పింది, వాళ్లత్త ఆమెకు చెప్పింది. నీకు కితాబు గావల్లనా?" అని నా నోరు మూయించింది. జేజి పట్టిందే పట్టు.

పోయిన ఏడాది మామిడికాయల కాలంలో అత్త మరీ నిలకడ తప్పింది. కుట్టిన పరుపే విప్పి మళ్లీ కుట్టింది. అమ్మ నిలదీస్తే అప్పుడు బయటపడింది. తోటలు గుత్తకు పట్టే ఉసేన్‌వలికి భార్య పోయి మూడేళ్లయింది. అతన్ని చేసుకుంటానని అత్త తనే కబురు పంపిందట.

"నువ్వే అడిగినావా మే?" అంది అమ్మ.

"ఖదీజా బీబీ అడగలేదా వదినా? ఆయమ్మ గూడా మొగుడు పోయినామే గదా. ప్రవక్తగారికి తనే కబురు పంపింది గదా."

జేజి అంతా విని, "చేసుకో. ఉసేన్‌వలి మంచోడే. బీబీ తెర మాత్రం మర్చిపో" అంది.

అత్త మూడు రోజులు వాకిట్లోకీ వంటింట్లోకీ తిరిగి, నాలుగో రోజు ఆ షరతుకు ఒప్పుకుని నిఖాకు సిద్ధపడింది. కొత్త కాపురం ఆమెకు కలిసొచ్చింది. కానీ మా వీధిలోకి వచ్చినప్పుడల్లా ఆ లోపలి గది వైపు చూసి చూపు తిప్పుకునేది.

ఈ ఏడాది నా పెళ్లి కుదిరింది. పెళ్లికి ముందు బేస్తవారం సహనక్ పెట్టుకున్నారు. పన్నెండేళ్లు నాకు జడవేసిన మనిషి లేకుండా ఆ అన్నం తినాలంటే ఒళ్లు మండింది. అమ్మతో గొడవపడ్డాను, జేజితో మాటలు మానేశాను. జేజి ఏదీ చెవిన వేసుకోలేదు. ఆ రోజు అత్త పెళ్లిపనులకని పొద్దున్నే వచ్చింది. వంటింటి గడప దాకా వచ్చి ఆగి, వెనక్కి పోయి వాకిలి ఊడ్చింది. ఊడ్చిన వాకిలే మళ్లీ ఊడ్చింది. లోపల అమ్మ ఏడు కూరగాయల కూర వండుతోంది.

మధ్యాహ్నం ఏడుగురం తెర లోపల కూర్చున్నాం. కథ జేజి ఎత్తుకుంది. తిరగలి దాకా బాగానే చెప్పి, ఖదీజా బీబీ దగ్గర తడబడింది. తెర బయట అడుగుల చప్పుడు ఆగింది. అత్త గొంతు అక్కణ్నుంచే కథ అందుకుని చివరిదాకా చెప్పింది. చెప్పి, "అమ్మా, ఒక్క మాట" అంది. "బీబీ వాళ్లమ్మ ఇప్పుడు ఈ ఇంటికొస్తే యాడ కూచోబెడతావు? లోపల నీ పక్కనా, ఈడ నా పక్కనా?"



"తినండి" అంది జేజి.

తిన్నాం. మెతుకు మిగల్చకూడదు కాబట్టి నేనూ మింగాను. జేజి మాత్రం కలిపిన ముద్ద చేతిలోనే పట్టుకుని తెర వైపు చూస్తూ ఉంది. మేమంతా తినడం అయ్యాక, "ఇంకో పళ్లెం పెట్టు" అంది అమ్మతో.

"ఎవరికత్తా?"

"బీబీ వాళ్లమ్మకి."

అమ్మ వడ్డించింది. ఆ పళ్లెం మా మధ్య అలాగే ఉంది. గడప దాటించకూడదు, పారేయకూడదు. ముట్టుకునే ధైర్యం మాలో ఎవరికీ లేదు. భర్త పోయి మళ్లీ మనువాడిన తల్లి పళ్లెం అది.

"మెతుకు మిగలగూడదు. ఎవురు తింటారు మరి?" అంది జేజి. తర్వాత గొంతు పెంచింది. "మాబున్నీ, లోపలికి రా."

అత్త తెర తొలగించుకుని లోపలికి వచ్చింది. జేజి పక్కకు జరిగి చోటిచ్చింది. అత్త కూర్చుంది. ఏడాదికి ఒక్కరోజు కూర్చునేటట్టు, కదలకుండా కూర్చుంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని నమిలి, అమ్మ వైపు చూసింది.

"వదినా, ఉప్పేలేదు గదా."

జేజిది తప్ప మా పళ్లాలన్నీ అప్పటికే ఖాళీ అయ్యాయి. ఆ మాట ఒక్కరం కూడా అనలేదు.

జేజి అప్పుడు తన చేతిలోని ముద్ద తినింది. కళ్లు తుడుచుకోకుండానే, "అవును" అంది. "ఉప్పు లేదు."