నాలుగో సీసా ఎవరిది

ఎనిమిదేళ్లుగా ఒక అబద్ధం నా గొంతుకు అడ్డం పడి ఉంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మిమ్మల్ని ఎరగను కాబట్టి మీకు చెబుతున్నాను. మధ్యలో ఆపేస్తానేమో, తెలియదు.

ఖరగ్‌పూర్‌లో రైల్వే గుమస్తాని నేను. ఆ రోజుల్లో ఇంట్లోనే బీరు పులియబెట్టే పిచ్చి పట్టింది. ఇండస్ట్రియల్ పార్కులో ఉద్యోగాలకు వచ్చిన హైదరాబాదు ఇంజనీర్లు నలుగురు నన్ను తమ జట్టులో చేర్చుకున్నారు. వాళ్ల లెక్కలో బార్లీ తప్ప ఇంకేం వేసినా అది బీరు కాదు. బియ్యం కలిపితే చవకబారు సరుకు. ఆడవాళ్లకైతే తియ్యటిది తప్ప నచ్చదట. ఆ మాటలన్నీ నేనూ నేర్చుకుని వాళ్లకంటే గట్టిగా అనేవాణ్ని. ఎందుకు? వర్క్‌షాపు ఫిట్టర్ల ఇంట్లో పుట్టానని వాళ్లకు గుర్తు రాకూడదనే కదా?

మా అమ్మకు పూజలు, పట్టింపులు ఎక్కువ. అందుకని నేను బీరు పులియబెట్టే బకెట్లు న్యూ సెటిల్‌మెంట్‌లో మేనత్త రైల్వే క్వార్టర్ వంటింట్లో ఉండేవి. మామయ్య పోయాక ఇచ్చిన రైల్వే ఉద్యోగం చేసుకుంటూ అత్త ఒక్కతే ఉండేది. నేను చేసేదంతా చూసి చూసి, ఒకసారి తనే సొంతంగా చేసింది. సగం బార్లీ, సగం అన్నం. నేను పగలబడి నవ్వాను. బియ్యం వేస్తే ఎంత చప్పగా ఏడుస్తుందో జట్టుకు చూపించి నవ్విద్దామని ఒక సీసా పట్టుకెళ్లాను.

"నన్నూ తీస్కెళ్లరా, ఏటంటారో ఇంటాను" అని అత్త కూడా ఇంజనీర్ల గదికి బయల్దేరింది.

మా పద్ధతి ఏమిటంటే, సీసాల మీద పేర్లుండవు, అంకెలే ఉంటాయి. ఏది ఎవరిదో రాసిన చీటీ ఆ ఆదివారం మధ్యాహ్నం నా జేబులో ఉంది. అత్తది నాలుగు. అందరూ రుచి చూశారు. నలుగురూ నాలుగో సీసానే ఎంచారు. ఇంత తేలిగ్గా, ఇంత శుభ్రంగా ఉన్న బీరు ఈ ఊళ్లో తాగలేదన్నారు. తలుపు దగ్గర కుర్చీలో అత్త ముఖం వెలిగిపోయింది.

"ఎవరిది ఇది?" అన్నాడు ఇంజనీర్లలో పెద్దవాడు.

"నాది" అన్నాను.

"అందులో అన్నం..." అంటూ అత్త నోరు తెరిచింది. అతను నావైపు తిరిగి, "ఈమె ఎవరు?" అన్నాడు.

"గ్లాసులు కడగడానికి తీసుకొచ్చాను."

అత్త నా ముఖంలోకి చూసింది. తర్వాత లేచింది. "గలాసులు ఎక్కడున్నాయి బాబుగారూ?" అని నన్నే అడిగింది. నన్ను చంకనెత్తుకుని తిరిగిన మనిషి. గ్లాసులన్నీ కడిగి బోర్లించింది. నేను నిలబడి పొగడ్తలు పుచ్చుకున్నాను. సిగ్గులేని వెధవని.

మర్నాడు నా బకెట్లు తోమి గుమ్మం బయట పెట్టింది. మళ్లీ ఎప్పుడూ బీరు చెయ్యలేదు. ఇప్పటికీ వెళితే చేపల పులుసు పెడుతుంది, ఒరే అనే పిలుస్తుంది. మర్చిపోయిందా? లేక నా పరువు కోసం మర్చిపోయినట్టు ఉంటోందా? అడిగితే ఒక్క నిమిషంలో తేలిపోతుంది. ఎనిమిదేళ్లుగా ముద్ద మింగి, చెయ్యి కడుక్కుని, సైకిలెక్కి వచ్చేస్తున్నాను.

క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. వెళ్లి ఆవిడతో చెబుతానని మాట కూడా ఇవ్వను, నా సంగతి నాకు తెలుసు. ఇంతవరకూ రాశాక మాత్రం ఊపిరి కాస్త ఆడుతోంది. ఆ రోజు ఆ గదిలో అనవలసింది ఇక్కడ అనేస్తాను. నాలుగో సీసా మా అత్తది. సగం బియ్యంతో చేసింది. ఆవిడ పేరు ఆదిలక్ష్మి, మా నాన్న చెల్లెలు.