జగ్గారావు వద్దన్నాడు

కూర్మన్నపాలెంలో మా వరస ఇళ్ళవాళ్ళంతా ఒకే మాట చెప్పుకుంటారు. జగ్గారావు తాత నెల రోజులకని మనవడి ఒళ్ళు తీసుకున్నాడట, కుర్రతనం రుచి మరిగి తిరిగి ఇవ్వనన్నాడట. గాజువాకలో ఒళ్ళు మార్చే సెంటర్‌లో బయట కూర్చునే మోహన్, 'జగ్గారావు వద్దన్నాడు' అని లోపలివాళ్ళు అనడం చెవులారా విన్నాడట. కుళాయి దగ్గర రోజారమణి పిన్ని ఇంకాస్త కలుపుతుంది: ముసలాడు సాయంత్రాలు బీచ్ రోడ్డులో షికార్లు తిరుగుతున్నాడని.

మా వంటింటి కిటికీ వాళ్ళ అరుగు వైపే ఉంది. నాకు కనిపించింది వేరు.

తాత ఆటోనగర్‌లో లేతు మిషను మీద చాలా ఏళ్ళు పనిచేసి మానేశాడు. అదే షెడ్డులో మనవడు గోపికి పని దొరికింది గాని చేయి కుదరలేదు. తీసేస్తానని ఓనరు అన్నాక ఇద్దరూ సెంటర్‌కి వెళ్ళారు. తాత గోపి ఒంట్లో చేరి, ఆ చేతులకి పని అలవాటయ్యేదాకా మిషను దగ్గర నిలబడాలి. గోపి తాత ఒంట్లో ఇంట్లో ఉండాలి. అంతే ఒప్పందం.

చేతులకి పని వచ్చింది. ఉద్యోగం నిలబడింది. గోపి మాత్రం మంచం దిగలేదు.

వాడికి ఆ ముసలి ఒళ్ళు సుఖంగా ఉంది. అరుగు మీద పడక, చేతిలో ఫోను, వేళకి భోజనం. బస్సెక్కితే ఎవరో ఒకరు లేచి సీటిస్తారు. ఏం చేస్తున్నావని ఎవరూ అడగరు. తాత పొద్దున్నే క్యారేజీ పట్టుకుని పనికి పోతాడు. అంత కుర్ర ఒళ్ళున్నా మెట్లు గోడ పట్టుకునే ఎక్కుతాడు. మనవడి ముఖంలోంచి మొగుడు చూస్తుంటే ఎదురుగా నిలబడలేక, గౌరీశ్వరి మామ్మ కంచం గుమ్మంలో పెట్టి లోపలికి వెళ్ళిపోతుంది.

ఇద్దరూ ఒప్పుకుంటేనే సెంటర్ వాళ్ళు తిరిగి మారుస్తారు. తాత ఒకసారి గోపిని అక్కడిదాకా తీసుకెళ్ళాడు, పని కాకుండానే వచ్చాడు.

మొన్న ఆదివారం మంచం పక్కన నేల మీద కూర్చుని మళ్ళీ అడిగాడు.

"ఎల్లొద్దాం రారా గోపీ. నాను అలిసిపోనాన్రా. నా ఒంట్లో నాను పడుకోవాలి."

గోపి ఫోనులోంచి తలెత్తలేదు. "నీకేటి తాతా, కుర్రోడివి. మోకాళ్ళ నొప్పులు నాకు."

తాత నవ్వబోయాడు. తర్వాత గోపి కాళ్ళు పట్టుకున్నాడు. ఆ కాళ్ళు ఆయనవే.

బిందెతో పోతున్న రోజారమణి పిన్ని అది చూసి ఆగింది. "ఇప్పుడు కాళ్ళట్టుకుంటే ఏటి లాభం? కుర్రోడి ఒళ్ళు కుర్రోడికిచ్చీ," అని తాతని దులిపేసి, గుమ్మంలో ఉన్న మామ్మ వైపు తిరిగింది. "సెంటర్లో వద్దన్నది జగ్గారావే కదేటి మామ్మా?"

మామ్మ కాసేపు మంచం వైపు చూసింది. తర్వాత తలూపింది. తాత మర్నాటి క్యారేజీ కడుక్కోవడానికి లేచాడు.

మోహన్ విన్నది నిజమే. తిరిగి మారతారా అని లోపల అడిగినప్పుడు వద్దన్నది జగ్గారావే. ఆ ఇంట్లో మనవడికి తాత పేరే పెట్టారు. మొగుడి పేరు నోట పలకకూడదని మామ్మ వాణ్ణి గోపి అని పిలిచింది, వీధికీ అదే అలవాటైంది. వద్దన్న జగ్గారావు, గోపి.